జమ్మియాకు బంగారమైన చోట

దసరా ఇంకను పదునైదు దినములున్నదనగా భూపాలపల్లికి తెల్లవారుజామున వచ్చు దినపత్రికల కట్టలు బరువెక్కును. వార్త కొరకు పత్రిక విప్పిన గని కార్మికునికి మొదటి పుటలో వార్త యుండదు. నిలువెల్ల నగలు దాల్చిన సినీతార యొకతె నవ్వుచుండును. పుట త్రిప్పిన మోటారు సైకిలు, మరల త్రిప్పిన గోడంత టీవీ, అటుపిమ్మట ఓపిక మిగిలియున్నయెడల నిన్న దేశములో ఏమి జరిగినదో తెలియును. సరిగా ఆ దినములలోనే సింగరేణి బొగ్గుగనుల సంస్థ లాభములలో కార్మికుల వాటా ఎంతయో వెల్లడియగుట ఆనవాయితీ. 2024 సెప్టెంబరులో, విస్తరణకై తీసిపెట్టినది పోగా మిగిలిన లాభములో నూటికి 33 వంతులు పంచుటకు నిర్ణయమైనది. మొత్తము 796 కోట్ల రూపాయలు. సగటున ఒక్కొక్క కార్మికునికి లక్షా తొంబది వేలు ముట్టునని లెక్క తేలినది. కాంట్రాక్టు కార్మికులకును తొలిసారిగా తలకు 5,000 రూపాయలు దక్కినవి. ఆ సొమ్ము ఖాతాలో పడకముందే దానిని ఇంటింటికిని పద్దు వ్రాసి పంచిపెట్టినవారు వేరే కలరు. నగరములలో కూర్చుండి ప్రకటనలకు తేదీలు నిర్ణయించువారికి ఆ వాటా వచ్చు వారము కంఠస్థమై యుండుననియే నా యనుమానము.

ఇట్టి దృశ్యమును జూచి కాలము చెడినదని ముక్కున వ్రేలిడుకొను పెద్దలు మనలో తక్కువగా లేరు. వారి గోష్ఠిలో నేను కూర్చుండజాలను. నేల కడుపులో ఒక షిఫ్టెల్ల బొగ్గు తీసి, ఒడలెల్ల నలుపై పైకి వచ్చినవాడు చల్లని నీటి కొరకు ఫ్రిజ్జు కొనుట విలాసమైనచో, ఆ ఊరి ప్రక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ విద్యుత్కేంద్రము కాల్చు బొగ్గు వెలుగులో కూర్చుండి ఆ మాట వ్రాయు మన విలాసమునకు ఏమి పేరు పెట్టవలెను? పేదవాడు కొనినప్పుడు దుబారా, కలవాడు కొనినప్పుడు అభిరుచి అను నిఘంటువు నాకు సమ్మతము కాదు. నాకు తోచుచున్న చిక్కు వేరొకటి. వస్తువును కొనుటకు ముందు దానిని పరీక్షించు విద్య యొకటి ఈ నేలమీద ఉండెడిది. ఆ విద్య మన వ్రేళ్ళ కొసలనుండియు నాలుకనుండియు ఎట్లు జారిపోయినదో, జారిపోయినచోట ఎవరు వచ్చి కూర్చుండిరో విచారింపవలెనని ఈ వ్యాసము.

జనగామ ప్రాంతపు పల్లెలలో వారపు అంగడికి పోయిన ఇల్లాలిని ఎన్నడైనను పరకాయించి చూచితిరా? కుండను వ్రేలి కణుపుతో కొట్టి, మ్రోతనుబట్టి పగులు కలదో లేదో చెప్పును. నాలుగు బియ్యపు గింజలు నోట వేసికొని కొరికి, పాతవో క్రొత్తవో తేల్చును. మిరపకాయను చెవి యొద్ద ఆడించి లోపలి గింజల గలగల వినును. విరిచి, వాసన చూచి, తేమ యున్నదని తెలిసినచో అమ్మువాని ముఖముమీదనే ఆ మాట అనివేయును. చింతపండును పిసికి గింజయెంతో పీచెంతో లెక్కగట్టును. చీరయైనచో కొంగు నలిపి చూచును. ఆమె ఏ పాఠశాలకును పోలేదు. కాని ఆమె చేసినది పరీక్ష కాదని ఏ శాస్త్రజ్ఞుడును అనజాలడు. బేరమాడుట ఆ పరీక్షకు ముగింపు మాత్రమే. వస్తువు మీద తనకున్న జ్ఞానమును ధరగా మార్చుట. నేడు ముద్రవేసిన పొట్లముమీద ధర ముందే అచ్చై వచ్చుచున్నది, బేరము లేదు, ఆడించి చూచుటకు వీలులేదు. పొట్లముమీద నవ్వుచున్న ముఖమొక్కటే ప్రమాణము.

జనగామకు దాపున హైదరాబాదు-వరంగల్లు రహదారిమీదనున్న పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో కొట్టి దేవతావాహనములు, కలశములు, దీపస్తంభములు చేయు విశ్వకర్మల కొట్లు నేటికిని కలవు. నైజాము నాటి పాన్‌దానులు, అత్తరు బరిణెలు వారి పూర్వుల చేతులు మలచినవే. ఆ పనితనమునకు భౌగోళిక సూచిక గుర్తింపును లభించినది. ఇత్తడి బిందె కొనువాడు దానిని మ్రోగించి, తూచి కొనెడివాడు. ఇరువదియేండ్ల పిదప చిల్లిపడినను తూకమునకు తూకముగా అది మరల సొమ్మయ్యెడిది. అట్టి వస్తువునకు ప్రకటన అక్కరలేకపోయెను, ఏలయన దాని విలువను తూచు త్రాసు అందరి ఇండ్లలోను ఉండెను. ప్లాస్టిక్కు బిందెకు తూకమును లేదు, మారకమును లేదు, మ్రోతయు లేదు. తేలిక గనుక ఆడవారి నడుములకు అది మేలు చేసినదనుట నిజమే. ఆ మాట దాచిన నా వాదము కల్లయగును.

అట్లే షాంపూ పొట్లము. 1980 దశకమున తమిళనాట పుట్టిన రూపాయి పొట్లము, కిరాణపు కొట్ల గుమ్మములకు తోరణములవలె వ్రేలాడుచు మన తండాలకును చేరినది. పెరటిలోని కుంకుడు చెట్టు ఏమైనదని నిట్టూర్చుట సులభమే. కాని రాత్రి నానబెట్టి, తెల్లవారి చిదిమి, కండ్లలో పడి మండుచుండగా తల రుద్దుకొనుట ఎంత పనియో, పని వేళకు మేస్త్రీ ఆటో వచ్చి నిలుచుండు కూలి ఆడుదానినడిగిన తెలియును. పైపెచ్చు రూపాయి పొట్లము తానే యొక పరీక్ష. నచ్చకున్న రూపాయి పోయినదనుకొని మరియొకటి తెచ్చుకొందురు. ఇక్కడ ప్రకటన కపటము చేసినను దాని కాటు లోతుగా దిగదు. ఇంచుక హాస్యమునకు కూడ తావు కలదు: బొగ్గుపొడి, ఉప్పు మోటువారి పండ్లపొడులని మన తాతలను సిగ్గుపరచిన వ్యాపారమే నేడు ఉప్పు గలదని ఒక పేస్టును, బొగ్గు గలదని మరియొక పేస్టును మన మనుమలకు అమ్ముచున్నది. భూపాలపల్లిలో కూర్చుండి బొగ్గును పేస్టు గొట్టములో కొనుట ఎంత చిత్రము!

అన్ని పొట్లములును అంత నిరపాయములు కావు. 1975లో అంగడికి వచ్చిన తెల్లబరచు లేపనమొకటి తన పేరులోని తెలుపు మాటను 2020లో గాని తొలగించుకొనలేదు. నలుబదియైదేండ్లపాటు అది అమ్మినది లేపనమునకన్న ముందు ఒక లోటును. ఎండలో మిరపకాయ ఏరు లంబాడ పడుచు, అద్దములో తన ముఖమున ఏదో తక్కువయున్నదని మొదట ఒప్పుకొనిన గాని ఆ పొట్లము చించదు. లేనిపోని లోటును సృష్టించి మందు అమ్ము వైద్యుని మన ఊళ్ళలో ఏమందురో వ్రాయుటకు ఈ పత్రిక మర్యాద అడ్డువచ్చుచున్నది.

బంగారము కథ మరియు విచిత్రము. అక్షయ తృతీయ యనగా మన పెద్దలకు సింహాచలమున అప్పన్న చందనము తొలగించుకొని నిజరూప దర్శన మిచ్చు దినము. చలివేంద్రము పెట్టి దాహము తీర్చు దానముల దినము. ఆ దినమున నలుసంతయైనను బంగారము కొనకున్న లక్ష్మి అలుగునను విశ్వాసమును ఈ ముప్పదియేండ్లలో మన చెవులలో పోసినవి నగల దుకాణముల ప్రకటనలే. పూర్వము తిథికి వస్తువును ముడివేయు అధికారము పురోహితునిది. నేడు అది ప్రకటనకర్తకు సంక్రమించినది. దీనికి ఎదురుగా ఈ ప్రాంతపు జనము తమంత తాము బంగారమని పేరుపెట్టుకొనినవి రెండు కలవు. మేడారము జాతరలో, 2019 వరకు అదియు భూపాలపల్లి జిల్లాలోనిదే, సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు తూచి సమర్పించు బెల్లము బంగారము. దసరా నాటి సాయంకాలము చిన్నలు పెద్దల చేతులలోనుంచి కాళ్ళకు మ్రొక్కు జమ్మియాకు బంగారము. ఒకటి దేవతకు చేరి ప్రసాదమై పంచబడును. ఒకటి మరునాటికి వాడిపోవును. రెండింటిలో దేనినిగాని కుదువబెట్టి అప్పు తెచ్చుకొన వీలులేదు. అట్టి జనమునకు, ఆ దసరా నాడే, పసిడిని తరుగు లేదను మాటతోను తగ్గింపు కలదను మాటతోను అమ్మగలిగిన ప్రకటన సామర్థ్యమును నేను తక్కువ చేసి చెప్పజాలను.

ఇంతకును ఈ అధికారము ప్రకటనకు ఎట్లు వచ్చినది? కథ చెప్పువానికి కూలి ఎవరిచ్చుచున్నారను ప్రశ్నలోనే సమాధానమున్నదని నా తలంపు. జనగామ ప్రక్కనున్న చేర్యాల, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనిది గాని నిన్నమొన్నటివరకు జనగామతో కలిసి వరంగల్లు జిల్లాలోనిదే, నకాషీ చిత్రకారుల ఊరు. గుడ్డమీద ఎర్రని పూతపూసి, మూరలకొలది పొడవున కథను గడులుగడులుగా చిత్రించి, ఆ పటమును కథకునికిచ్చిన అతడు ఊరూర తిరిగి, దానిని విప్పుచు పాడుచు చెప్పెడివాడు. గౌడులకొక పురాణము, పద్మశాలీలకు మార్కండేయుని కథ, మాదిగలకు జాంబపురాణము, చాకలివారికి మడేలు కథ. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పటము, ఒక్కొక్క పటమునకు తరతరములుగా హక్కుగల కథకులు. నేటి మాటలో చెప్పవలెనన్న అది కదలు బొమ్మల ప్రసారమే. కాని కథకుని జోలెలో గింజలు పోసినవాడు శ్రోతయే. కథ తప్పినచో అరుగుమీది ముసలివాడు ఆపి దిద్దగలవాడు, ఏలయన తిండి పెట్టిన చేయి తనది. కథ మధ్యలో లేచి ఫలానా నూనెయే శ్రేష్ఠమని కథకుడు చెప్పవలసిన అగత్యము లేదు. కులముల గోడలను ఆ పటములు గట్టిపరచెననుటయు నిజమే. పాత కాలమునకు పల్లకి మోయుట నా యుద్దేశము కాదు. కూలి ఇచ్చువానికే కథ జవాబు చెప్పుకొనునను ఒక్క సంగతిని మాత్రము ఆ పటము కుండబద్దలు కొట్టినట్లు చూపుచున్నది.

టీవీ ముందు కూర్చుండిన మనము కథకునికి గింజ యిచ్చుటలేదు, ఇచ్చుచున్నవాడు సబ్బులవాడు. కావున కథ సబ్బులవానికి జవాబు చెప్పుకొనుచున్నది. 1967లో వివిధభారతిలోను, 1976లో దూరదర్శనములోను వాణిజ్య ప్రకటనలు మొదలైనవి. 1995లో ప్రైవేటు తెలుగు చానళ్ళు ఇండ్లలోనికి వచ్చిన పిమ్మట ప్రకటన కథకు విరామమో, కథ ప్రకటనకు విరామమో తెలియని స్థితి యేర్పడినది. ఇప్పుడు చేతి ఫోనులో ఆ భేదమును తుడిచిపెట్టబడినది. వంట చూపుచున్న చెల్లెలు చేతిలోని నూనె సీసాకు డబ్బు ముట్టినదో లేదో చూచువానికి తెలియదు.

ప్రకటన యనిన పాపమని ఇంతమాత్రమున తీర్పు చెప్పుట కృతఘ్నత యగును. తెలుగు పత్రికారచనకు పాలిచ్చినది తలనొప్పి మందు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి, ఆ రాబడితో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నడపి, 1914లో మద్రాసున దినపత్రికగా వెలువరించి, 1924లో భారతిని మనకిచ్చిరి. సంగీతసభలలో ఆ మందు సీసాలను ఉచితముగా పంచుట ఆయన కనిపెట్టిన ప్రకటన విధానమే. కేసరిగారి లోధ్ర మందు రాబడి గృహలక్ష్మి పత్రికను పోషించినది. ఇక మన మహబూబాబాదు వైపు చూచిన, 1922లో ఇనుగుర్తియను పల్లెలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులిద్దరు తెనుగు పత్రికను వెలువరించిరి. నైజాము రాజ్యములో తెలుగు మాటకే దిక్కులేని దినములలో, నగరము కాదు గదా పట్టణమైనను కాని చోట, తామే రచయితలు, తామే ముద్రాపకులై! ఆ పత్రికకు మొదటి పుటనెల్ల కప్పు నగల ప్రకటన దొరికియుండినచో వారు కాదనెడివారని నేననజాలను. కాని నాగేశ్వరరావుగారి మందు ఆయన పత్రికకు దాసిగా ఉండెను. నేడు పత్రిక యేది, దాసి యేది అని ఈ వ్యాసము అచ్చగు పుట వెనుక పుటను త్రిప్పి పాఠకులే చూచుకొనవచ్చును.

ప్రసంగవశమున ఒక మాట. ప్రకటన చూచుటయే గాక తామే ప్రకటన యగుటకు మన పట్టణములు అలవాటుపడినవి. జనగామ చౌరస్తాలో ఒక్క సాయంకాలము నిలుచున్న చాలును: నాయకుని జన్మదినమునకు ఫ్లెక్సీ, నాయకుని అనుచరుని కుమారుని జన్మదినమునకు ఫ్లెక్సీ, చెవులు కుట్టుటకు ఫ్లెక్సీ, దశదిన కర్మకును ఫ్లెక్సీ. చనిపోయినవాని బొమ్మ పెద్దదిగాను, అతనిని తలచుకొనువారి బొమ్మలు వరుసగా పైనను వేయుదురు. దుఃఖములో పాలుపంచుకొనుచున్న నాయకునికి నల్లకండ్లద్దములు తప్పవు. గాలివానకు చిరిగిన ఫ్లెక్సీ పశువుల కొట్టముమీద కప్పుగా మారిన తరువాత గాని దానికి సార్థకత రాదు.

ఇక అసలు సంగతికి వచ్చెదను. ఇంతవరకు చెప్పినదంతయు దీనికి పీఠిక. షాంపూ చెడిన రూపాయి పోవును, ఫ్రిజ్జు చెడిన వేలు పోవును, విత్తనము చెడిన సంవత్సరమే పోవును. మహబూబాబాదును ఆ జిల్లావారు నేటికిని మానుకోట యనియే పిలుతురు. మిర్చి, పత్తి ఆ నేలకు ప్రాణము. మృగశిర కార్తె ప్రవేశించునప్పటికి విత్తనాల దుకాణముల గోడలు తిరునాళ్ళవలె మెరయును. మూరెడు పొడుగు మిరపకాయలు, తలకాయంత పత్తికాయలు, ప్రక్కన ఒక దేవుడు, ఆ ప్రక్కన ఒక కథానాయకుడు. ఒకసారి అట్టి దుకాణములో నేను అరగంట కూర్చుండవలసివచ్చినది. వచ్చిన రైతులలో ఒక్కడైనను ఏది మంచిదని అడుగలేదు. వారు అడిగినది ఇది:

"సేటు, మా ఊరోళ్ళు ఈసారి ఏ గింజ పట్టుకపోతున్నరు?"

"గిదే. పొద్దుగాల నుంచి గిదే పోతున్నది. ఇంక నాలుగే పాకిట్లున్నయి."

"అయితే నాకు రెండియ్యి."

పది గ్రాముల పొట్లము. దానిని విప్పి చూచుటకు వీలులేదు. విప్పినను ఎర్రనో పచ్చనో రంగు మందు పూసిన గింజను కొరికి చూచుటకు అసలే వీలులేదు, అది విషము. కుండను కొట్టి మ్రోత విను జాతి, బియ్యము కొరికి పాతదనము చెప్పు జాతి, తన ఏడాది బ్రతుకును నిర్ణయించు వస్తువు దగ్గరికి వచ్చునప్పటికి చెవిటిదై, నాలుక లేనిదై, ప్రక్కవాడేమి కొనెనో విని కొనుచున్నది.

ఇది నా యొక్కని భ్రమ కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు అప్పట్లో చెందిన మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ డేవిస్ స్టోన్ ఉమ్మడి వరంగల్లు జిల్లా పల్లెలలో పత్తి రైతుల నడుమ సంవత్సరముల తరబడి మెలగి, 2007లో ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. ఒక యేడు ఊరంతయు ఒక విత్తనమును ఎగబడి కొనుట, రెండేండ్లకు దానిని వదలి మరియొకదానికి ఎగబడుట. దీనికి నేలలోగాని దిగుబడిలోగాని తగిన కారణము కానరాకుండుట అతడు గమనించెను. రైతు తన చేనిలో తాను నేర్చుకొనుట క్రమక్రమముగా నశించి, ఒకరిని జూచి ఒకరు అనుకరించుట మిగులుచున్నదని, రైతు చేతి నేర్పు ఊడిపోవుచున్నదని అతని నిర్ణయము. ఇందు రైతు బుద్ధిహీనత ఏమియు లేదు. పరీక్షకు ఒక కారు కావలెను. ఆ కారులో వానయెంత, పురుగెంత, విత్తనమెంత అని విడదీయుటకు ఇంకను రెండు మూడు కార్లు కావలెను. అంతలో ఆ పేరుగల పొట్లము అంగడినుండి మాయమై, అదే గింజయో వేరు గింజయో క్రొత్త పేరుతో, క్రొత్త కథానాయకునితో గోడ ఎక్కును. తాను నేర్చుకొనిన పాఠము అక్కరకు రాకముందే పలక తుడిచివేసిన పిల్లవాడు ప్రక్కవాని పలక చూడక ఏమి చేయును?

1997-98లో ఆ ఉమ్మడి వరంగల్లు జిల్లాలోనే పత్తి పురుగుపాలై, మందులు పనిచేయక, ఆ మందులనే త్రాగి రైతులు ప్రాణములు తీసికొనిన వార్త దేశమంతయు చదివినది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినది. ఇరువదియేండ్ల తరువాత మిర్చికి అదే పరీక్ష ఎదురైనది: 2021-22 కారులో నల్ల తామర పురుగు పూతలో చేరి మానుకోట, భూపాలపల్లి, ములుగు చేలను నాశనము చేసినప్పుడు, ఏ మందు పనిచేయునో తెలియక రైతులు వారమునకు రెండు మూడు సారులు మార్చి మార్చి పిచికారీ చేసిరి; కడకు పలువురు తోటలు పెరికివేసిరి. ఆ నెలలలో చేతి ఫోనులలో తిరిగిన వీడియోలనెవరైనను పోగుచేసి దాచినచో, భయము ఎంత వేగముగా సరకగునో భావితరములు తెలిసికొనును. బయో మందు అను మాటకు సీసాలో ఏమున్నదను ప్రశ్నను ఆపగల మంత్రశక్తి యున్నదని అప్పుడే నాకు తెలిసినది.

ఈ నేలమీదనే మరియొక మిరప యున్నది. చపాటా. టమాటవలె గుండ్రనై, కారము తక్కువై, రంగు మిక్కిలియై, రైతులే కాయ ఏరి గింజ కట్టుకొను రకము. వరంగల్లు చపాటాకు 2025లో భౌగోళిక సూచిక వచ్చినది. ఏ కథానాయకుడును దాని బొమ్మ ప్రక్కన నిలువలేదు. ఒకని కళ్ళములో ఆరుచున్న కాయను మరియొకడు చూచి, చేత విరిచి, రంగు వ్రేళ్ళకంటుటను గమనించి, నాలుగు గుప్పిళ్ళ గింజ అడిగి తీసికొనిపోయిన దారినే అది ఊరూర నడచినది. ఇక్కడను అనుకరణమే గదా యని ఆక్షేపించువారు కలరు. అనుకరణమే; కాని అనుకరించినవాడు కాయను విరిచి చూచెను, దాని సాగు చేసినవాని ముఖము చూచెను, మరుసటి ఏడు నిలదీయుటకు అతని ఇల్లు తెలిసియుండెను.

చట్టము ఏమి చేయుచున్నది? రైతు వినియోగదారుడే యని 2012లో సుప్రీంకోర్టు జాతీయ విత్తన సంస్థ కేసులో తీర్పు చెప్పినది. ఆ కేసు మన తెలుగు రైతులదే. విత్తన చట్టము వేరుగా నున్నదనియు, పంట అమ్ముకొనువాడు వినియోగదారుడు కాడనియు చేసిన వాదమును న్యాయస్థానము త్రోసిపుచ్చినది. మేలైన తీర్పు. కాని 1966 నాటి విత్తన చట్టములో నష్టపడిన రైతునకు పరిహార నియమమే లేదు. అతడు పొట్లము, రశీదు దాచుకొని, అధికారులచేత చేను చూపించుకొని, వినియోగదారుల కమిషను మెట్లెక్కవలెను. అప్పుమీద సరకు తీసికొనినవానికి రశీదు దొరకుటయే పుణ్యము. 2020 జూలైనుండి అమలులోనున్న క్రొత్త వినియోగదారుల చట్టము మోసపు ప్రకటనకు పది లక్షల వరకు జరిమానా, ప్రకటనలో నిలిచిన ప్రముఖునికి ఏడాది వరకు నిషేధము విధింప వీలు కల్పించినది. తాను వాడని, తెలియని వస్తువును ప్రముఖుడు పొగడరాదని 2022 జూనులో మార్గదర్శకములును వచ్చినవి. 2025 మార్చిలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పందెపు యాపులను పొగడిన పలువురు నటులమీదను, సామాజిక మాధ్యమ ప్రముఖులమీదను కేసులు పెట్టినప్పుడు, నవ్వినందులకును బాధ్యత యుండునని తొలిసారిగా పల్లెల కుర్రవాండ్రకు తెలిసినది. పోగొట్టుకొనినవారికి అప్పటికే ఆలస్యమైనదనుట వేరే మాట.

నా కోరిక చిన్నది, అందుకే నెరవేరునేమోయను ఆశ. మానుకోట జిల్లా మల్యాలలో కృషి విజ్ఞాన కేంద్రమున్నది, ఉద్యాన పరిశోధన స్థానమున్నది. అంగడిలో అమ్మబడు మిరప, పత్తి విత్తనములను పేరుపేరున అచ్చటను, ఆసక్తిగల రైతుల చేలలోను, ఒకే నేలలో ఒకే నీటితో వరుసగా వేసి, ఏది ఎంత పండినదో, దేనికి ఏ తెగులు వచ్చినదో వేసవిలోనే లెక్క వ్రాయింపవలెను. ఆ లెక్కను కథానాయకుని బొమ్మ ఎంత యున్నదో అంత పెద్ద అక్షరములతో ప్రతి విత్తనాల దుకాణపు గోడమీదను అంటింపవలెను. పోయిన యేటి పొట్లమునకు క్రొత్త పేరు పెట్టి అమ్మువాడు పాత పేరును అచ్చువేయక తప్పని నియమముండవలెను. ఈ పత్రికతో గూడ తెలుగు దినపత్రికలన్నియు, విత్తన ప్రకటన వేసిన పుటలోనే, డబ్బు పుచ్చుకొనక, ఆ లెక్కకు జానెడు చోటీయవలెను. ప్రకటనల శాఖవారికి ఈ వాక్యము రుచింపకపోవచ్చును. సంపాదకులు దీనిని కొట్టివేయరనియే నా నమ్మకము. రైతునకు బోధ అక్కరలేదు, కొరికి చూచుటకు ఒక గింజ కావలెను. గింజను కొరుకుట సాధ్యముకానిచోట, లెక్కయైనను కొరకబడుటకు అందుబాటులోనుండవలెను.

గడచిన దసరా సాయంకాలము నేను భూపాలపల్లిలో ఒక బంధువుల యింట నుంటిని. కార్మికుల కాలనీలో క్రొత్త టీవీ అట్టపెట్టెలు రెండు మూడిండ్ల ముందర కనబడుచుండెను. ఒకదానిలో పిల్లలు కూర్చుండి బండి ఆట ఆడుచుండిరి. జమ్మిచెట్టు కడ పూజ ముగించి జనము ఇండ్లకు మరలుచుండగా, పదేండ్ల బాలుడొకడు గనిలో పనిచేసి విశ్రాంతి పొందిన తాతగారి యొద్దకు వచ్చి, "బంగారం తాతా" అని నాలుగాకులు చేతిలోనుంచి కాళ్ళకు మ్రొక్కెను. అతని అన్న ప్రక్కన నిలిచి ఫోనుతో ఆ దృశ్యమును తీయుచుండెను. ముసలివాడు ఫోనువైపు చూడలేదు. ఆకును వ్రేళ్ళ నడుమ పెట్టి నలిపి, వాసన చూచి, రెమ్మను వెలుతురునకెత్తి ముల్లును తడిమి చూచెను. "ఇంతకుముందు ఒకడు తుమ్మాకు తెచ్చిచ్చిండు. ఇది జమ్మేరా బిడ్డా" అని అంగీ జేబులో పెట్టుకొనెను.